కదిలితేనే చూసే పెట్టె

కూర్చోవడం కూడా ఒక పనేనా అని ముక్కు విరిచేవాళ్ళకి ఈ లోకంలో కొదవలేదు. అలాంటివాళ్ళని ఓ మధ్యాహ్నం పట్టుకొచ్చి శిలగారి కుర్చీలో కూర్చోబెట్టాలి. కాసేపటికి ముక్కు దురద పెడుతుంది. ఆ తరవాత వీపు. ఆ తరవాత పిక్క మీద చీమ పాకుతున్నట్టు ఉంటుంది. చూస్తే అక్కడ చీమా ఉండదు, దాని నీడా ఉండదు. ఇంకాసేపు ఓర్చుకుని ఆ పెద్దమనిషి లేచి బట్టలు దులుపుకుని, "మన వల్ల కాదు బాబూ" అని ఓ దణ్ణం పెట్టి మెట్లు దిగిపోతాడు. శిలగారు మాత్రం ఏళ్ళ తరబడి ఆ కుర్చీలోనే కూర్చుంటున్నారు. అదే ఆయన ఉద్యోగం.

ఒక కాగితాల గోడౌన్ పైఅంతస్తులో బొమ్మలు గీయడం నేర్పే బడి ఉంది. పొడుగాటి హాలు, ఒకవైపంతా పెద్ద పెద్ద కిటికీలు, మధ్యలో మోకాలెత్తు చెక్క అరుగు, దాని మీద చేతుల కుర్చీ. ఆ కుర్చీలో ఒక మనిషి కదలకుండా కూర్చుంటే, చుట్టూ విద్యార్థులు అట్టలు ఒళ్ళో పెట్టుకుని చూసి గీస్తారు. ఆ మనిషికి శిలగారు అని పేరు పెట్టింది వాళ్ళే. అసలు పేరు ఒకటి ఉంది గానీ, అది ఆయనకే ఒక్కోసారి పక్కింటివాళ్ళ పేరులా వినిపిస్తుంది.

పూర్వం ఆయన ఫర్నిచర్ కొట్లో సామాన్లు మోసేవారు. ఈ కుర్చీని భుజాన వేసుకుని ఈ మెట్లెక్కింది కూడా ఆయనే. బడి నడిపే డ్రాయింగ్ మాస్టారు, "గట్టిగా ఉందో లేదో ఒకసారి కూర్చుని చూపించండి" అన్నారు. బాగా అలిసిపోయి ఉన్నారేమో, కూర్చోగానే ఆయన చూపు కిటికీ వెలుతురు మీద ఆగిపోయింది. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, "అలాగే ఉండండి, అలాగే" అంటూ పెన్సిల్ అందుకున్నారు. కుర్చీ దింపడానికి వచ్చిన మనిషి ఇంకా అందులోంచి లేవలేదని మాస్టారు ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తూ ఉంటారు.

కూర్చోవడంలో మెళకువలు లేకపోలేదు. విరామానికి లేచేముందు పాదాల చుట్టూ చాక్‌పీసుతో గీత గీసుకోవాలి. తిరిగి వచ్చాక పాదం సరిగ్గా ఆ గీతలోనే పడాలి. కుడి చెయ్యి కుర్చీ చేతి మీద, ఎడమ చెయ్యి మోకాలి మీద. కిటికీ పైఅద్దంలో ఎప్పటిదో ఒక గాలిబుడగ ఉంది, చూపు దాని మీద. ఇవన్నీ ఆయనకి ముందు ఆ అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ నేర్పింది. వెళ్ళిపోయే రోజున ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది.

"వాళ్ళు గీసిన బొమ్మలు ఎప్పుడూ చూడకు నాయనా. చూశావో, మర్నాటి నుంచి నువ్వు కూర్చోవు, నీ బొమ్మ వచ్చి కూర్చుంటుంది."

ఆ మాట శిలగారి మనసులో మేకులా దిగిపోయింది. ఆనాటి నుంచి ఆయన తన బొమ్మ ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. క్లాసు అయిపోగానే అట్టల మధ్యలోంచి తలొంచుకుని, పెళ్ళిచూపుల్లో అమ్మాయిలా నేల చూస్తూ వెళ్ళిపోతారు. బొమ్మలు దాచే గది తలుపు వైపు కూడా చూడరు. విద్యార్థులు మొదట్లో నవ్వేవారు. తరవాత వాళ్ళకీ అలవాటైపోయి, ఆయన లేవగానే కాగితాలు బోర్లించేవారు.

మరి అంతసేపు కదలకుండా కూర్చుని ఏం చేస్తారు? ఇల్లు కడతారు.

పెన్సిళ్ళు కాగితాల మీద గీసుకునే చప్పుడు సన్నగా మొదలవుతుంది. కాసేపటికి అది చప్పుడులా ఉండదు, ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టు ఉంటుంది. అద్దంలో గాలిబుడగ కొంచెం పెద్దదవుతుంది. అందులోంచి ఒక సందు కనిపిస్తుంది, సందు చివర తడి సిమెంటు వాసన. శిలగారు ఆ సందులో నడుచుకుంటూ వెళ్ళి, నిన్న ఆపిన చోట పని అందుకుంటారు. ఒకరోజు వాకిలి గడప. ఒకరోజు మెట్లు. ఒక వారమంతా వంటింటి గోడలో అల్మారా ఎక్కడ ఉండాలా అని ఆలోచించారు. ఎవరూ తొందరపెట్టరు, వాన రాదు, ఇటుకలు అయిపోవు. మాస్టారు చేతులు తట్టి "విరామం" అనగానే, ఆయన చేతికి అంటిన సున్నం దులుపుకున్నట్టుగా లేచి వస్తారు.

ఉన్నది ఒకటే గది అద్దె ఇల్లు. అందులో ఆయన, ఆయన భార్య, ఆవిడ కుట్టుపని. బట్టల దుకాణం వాళ్ళు పంపే చొక్కాలకి ఆవిడ కాజాలు కుడుతుంది. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడని చూస్తుంది కాబట్టి పట్టపగలే లైటు కావాలి. సాయంత్రం ఆయన రాగానే టీ గ్లాసు చేతికిచ్చి, సూదిలోకి దారం ఎక్కిస్తూ అడుగుతుంది:

"ఇవాళ ఎంతవరకు వచ్చింది?"

"మేడ మీద గోడ లేచింది."

"నా కిటికీ?"

"పెడతానే. తొందరపడితే ఎలా?"

"మీరు ముందు మెట్లు కట్టారు, అల్మారా కట్టారు, గోడౌను కూడా కట్టేట్టున్నారు. నేను వెలుతురులో కూర్చుని నాలుగు కాజాలు కుట్టుకునే రోజు వస్తుందా, రాదా?" అని దెబ్బలాడుతుంది. ఇరుగమ్మ పొరుగమ్మలతో మాత్రం, "అందరూ గాలిలో మేడలు కడతారు, మా ఆయన కుర్చీలో కడతాడు" అని కాస్త గొప్పగానే చెప్పుకుంటుంది. కిటికీ ఆలస్యం కావడానికి కారణం ఆయన ఆవిడకి చెప్పలేదు. కిటికీ పెట్టేస్తే ఇల్లు పూర్తయిపోతుంది. ఆ తరవాత కుర్చీలో ఏం చెయ్యాలో ఆయనకి తెలీదు.

ఇలా హాయిగా సాగిపోతూ ఉండగా ఒక ముక్కు విరిగింది.

అరుగు వెనకాల గోడకి చెక్క అరలున్నాయి. వాటి నిండా ప్లాస్టర్ తలలు, ప్లాస్టర్ చేతులు, పాదాలు. మాస్టారికి ఆయన గురువుగారు ఇచ్చివెళ్ళినవి. సెలవుల తరవాత దుమ్ము గుడ్డలు తీసి చూస్తే కింది అరలో ఉన్న అందమైన తలకి ముక్కు లేదు. హాల్లో కెమెరా ఒకటి ఉంది, అది చూసినవి దాచుకునే పెట్టె మాస్టారి గదిలో ఉంది. కానీ ముక్కు ఎప్పుడు విరిగిందో చూద్దామంటే ఆ రోజులన్నీ ఆ పెట్టె ఎప్పుడో చెరిపేసుకుంది. మాస్టారు తల పట్టుకుని, కెమెరాలు బిగించే అమ్మాయికి కబురు చేశారు.

అమ్మాయి అన్నది శిలగారి లెక్క. ఇద్దరు పిల్లల తల్లి, నిచ్చెన తనే మోసుకుంటుంది, డ్రిల్లు మిషను నడుముకి వేలాడుతూ ఉంటుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. హాలంతా ఒకసారి కలియజూసి, పాత పెట్టె మీద దుమ్ము ఊది చెప్పింది:

"ఇది డీవీఆర్ మాస్టారూ, పాతకాలం మనిషి. లావు వైరు, మసక బొమ్మ. కళ్ళు మూయకుండా అన్నీ రికార్డు చేసుకుంటుంది. ఈగ ఎగిరినా చేస్తుంది, ఎగరకపోయినా చేస్తుంది. నిండిపోయిందంటే పాతది చెరిపి దాని మీదే మళ్ళీ మొదలుపెడుతుంది. మీ ముక్కు అలాగే పోయింది."

"నా ముక్కు కాదమ్మా, బొమ్మది."

"అదేలెండి. కొత్తది ఎన్‌వీఆర్. సన్న తీగ ఒక్కటే, కెమెరాకి కరెంటూ అందులోనే, బొమ్మా అందులోనే. అద్దంలో చూసుకున్నంత శుభ్రంగా ఉంటుంది. దీనికీ ఎప్పుడూ రికార్డు చెయ్యమని చెప్పొచ్చు గానీ, బొమ్మ పెద్దది కదా, గబగబా నిండిపోతుంది. అందుకని కదిలితేనే చెయ్యమందాం. ఏదీ కదలకపోతే ఇది పడుకుంటుంది. అప్పుడు ఎన్ని నెలలైనా దాచుకుంటుంది."

మాస్టారు ఎటూ తేల్చుకోలేకపోయారు. అంతా రాసుకుని కొద్ది రోజులకే మరిచిపోయేది మంచిదా, కొంచెమే రాసుకుని చాలాకాలం గుర్తుంచుకునేది మంచిదా? ఆ ప్రశ్న మనుషుల గురించి అడిగినా చెప్పడం కష్టమే. ఆ సందేహం కనిపెట్టి అమ్మాయే దారి చూపించింది.

"కొన్నాళ్ళు రెండూ పక్కపక్కనే నడవనివ్వండి. చూసి చెప్పండి. వద్దన్నది నేను పట్టుకుపోతా."

కొత్త కెమెరా బిగించి, తెర మీద అరల చుట్టూ వేలితో ఎర్ర గడి ఒకటి గీసింది. ఆ గడిలో ఏది కదిలినా పెట్టె లేచి రికార్డు చేస్తుంది. బయట విద్యార్థులు ఎంత గంతులేసినా దానికి పట్టదు. అయితే అరుగు అరలకి ఎదురుగానే ఉంది కదా, శిలగారి కుర్చీ కూడా గడిలోకి వచ్చేసింది. విరిగిన తల ఉన్న కింది అర సరిగ్గా ఆయన మోకాలి వెనకే ఉంది. ఆయన్ని వదిలేసి బొమ్మల్ని మాత్రమే చూడమనడం కుదరదు.

"బాబాయ్, మీరూ బొమ్మలూ ఒకే గడిలో ఉన్నారు. ఏమనుకోకండి" అంది నిచ్చెన మడుస్తూ.

శిలగారు ఏమనుకుంటారు? ఆయన జీవితంలో బంగారు రోజులు అప్పుడే మొదలయ్యాయి.

కొన్నాళ్ళకి ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి, ఆయన్ని మాస్టారి గదిలోకి పిలిచి తెర చూపించింది. కదలిక వచ్చినప్పుడల్లా ఒక చిన్న బొమ్మ వరసలో చేరుతుంది. పొద్దున శిలగారు వచ్చి కూర్చోవడం ఒక బొమ్మ. విరామానికి లేవడం ఒక బొమ్మ. మధ్యలో ఏమీ లేదు.

"చూశారా? మీరు కూర్చుంటే నా పెట్టె గది ఖాళీగా ఉందనుకుని నిద్రపోతోంది."

"ఊపిరి పీలుస్తాను కదమ్మా?"

"అంత చిన్నది దానికి ఆనదు. నేను ఎన్నో చోట్ల బిగించాను బాబాయ్, చెట్టు కూడా ఆకులు ఊపుతుంది. మీలాంటి మనిషిని నేను చూడలేదు."

ఆయనకి ఆ రోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరూ ఇవ్వని మెచ్చుకోలు ఒక ఇనప పెట్టె ఇచ్చింది. పొగడ్తకి లొంగని మనిషి ఉంటాడా? సాయంత్రం భార్యకి ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఆవిడ కాజా మీంచి తలెత్తకుండా, "అంటే అక్కడా మీరు లేనట్టేనన్నమాట" అంది. ఆ మాట ఆయన చెవికెక్కలేదు. ఆనాటి నుంచి ఇంటికి వెళ్ళేముందు మాస్టారి గదిలోకి తొంగి చూడడం అలవాటు చేసుకున్నారు. వరసలో ఖాళీ కనిపిస్తే ఆ రోజు అన్నం బాగా సహించేది.

ఒక మధ్యాహ్నం చూస్తే, ఉండకూడని చోట ఒక బొమ్మ ఉంది. మర్నాడు రెండు మూడు. ఆ తరవాత గుంపు.

కర్టెన్ ఊగుతోందేమోనని ఆయన దాన్ని తాడేసి కట్టారు. సాలెపురుగేమోనని అరలన్నీ దులిపారు. బల్లి మీద అనుమానపడ్డారు గానీ అది ఆ గోడ మీదకి వచ్చి చాలాకాలమైంది. చివరికి ఏదో పనిమీద కెమెరా అమ్మాయి వచ్చినప్పుడు పక్కకి పిలిచి, "నీ పెట్టెకి పిచ్చెక్కిందమ్మా. ఏమీ లేకుండానే లేస్తోంది" అని ఫిర్యాదు చేశారు.

ఆ అమ్మాయి బొమ్మని నొక్కి, సాగదీసి, పెద్దది చేసింది. కుర్చీ జరిగిపోయింది, ముఖం జరిగిపోయింది. మోకాలు వచ్చింది. మోకాలి మీద ఎడమ చెయ్యి. చిటికెన వేలూ దాని పక్క వేలూ, ఎవరో లోపలి నుంచి మెల్లిగా తడుతున్నట్టు, ఆడుతున్నాయి.

 శిలగారికి ఇదేమీ తెలియదు. కూర్చున్నంతసేపూ ఆయన ఇక్కడ ఉంటేగా? మేడ మీద గోడకి పూత పూస్తూ ఉన్నారు. ఇక్కడ కుర్చీలో ఉన్న చెయ్యి ఆయన్ని అడగకుండా తన దారి తను చూసుకుంది.

కదలకుండా ఉండడం తప్ప తనకి ఏం వచ్చు? ఫర్నిచర్ మోసే వయసు దాటిపోయింది. చెయ్యి వణికే మనిషిని కూర్చోబెట్టి బొమ్మలు గీయించే బడి ఎక్కడైనా ఉంటుందా? మాస్టారు మంచివారే. మంచివారు కాబట్టి మెత్తగా చెబుతారు. మెత్తగా చెప్పినా కుర్చీ పోతుంది, కుర్చీతో పాటు ఇల్లూ పోతుంది. కిటికీ కూడా పెట్టలేదు. ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది.

అక్కడి నుంచి శిలగారు పాత పెట్టె తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. నోట్లో నాలుక లేదనుకున్న మనిషి మాస్టారి వెంట పడ్డారు.

"పాతదే నమ్మకమండీ. ఇన్నాళ్ళూ మనతో ఉంది."

"బొమ్మ మసగ్గా ఉంది కదా?"

"మసగ్గా ఉంటేనే కళ్ళకి హాయండీ. పైగా కొత్తది ఆ కాస్త తీగ తెగిందంటే గుడ్డిదైపోతుంది."

"పాతదాని తీగ తెగినా అంతేగా?"

"అది లావు తీగండీ. తెగదు."

మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి ఆయన్ని వింతగా చూశారు. "శిలగారూ, మీరు ఇన్ని మాటలు మాట్లాడడం నేను ఇదే వినడం" అన్నారు. శిలగారు వెళ్ళి పాదాలు గీతల్లో పెట్టుకుని కూర్చున్నారు.

పాత పెట్టెలోనూ ఆ చెయ్యి ఉంటుంది. కానీ అన్నీ ఉన్నచోట ఒక చెయ్యిని వెతికేదెవరు? కొత్తదే పనిగట్టుకుని, ఇదిగో ఇక్కడ కదిలింది, ఇదిగో ఇక్కడ కదిలింది, అని వరసపెట్టి చెబుతుంది.

ఆ రోజుల్లో గాలిబుడగలో సందు తెరుచుకోలేదు. ఎలా తెరుచుకుంటుంది? ఆయన కళ్ళలో వత్తులు వేసుకుని చేతికి కాపలా కాస్తున్నారు. కాపలా కాసినకొద్దీ చెయ్యి మొరాయించింది. పెన్సిళ్ళ చప్పుడు చప్పుడులాగే ఉండిపోయింది. పిక్క మీద చీమ పాకింది, ఇన్నేళ్ళలో మొదటిసారి.

"ఎంతవరకు వచ్చింది?" అని అడిగింది భార్య.

"ఇవాళ మేస్త్రీ రాలేదు."

మర్నాడూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆయన గ్లాసు కుడిచేత్తో పట్టుకుని, ఎడమ చెయ్యి తువ్వాలు కింద దాచుకుని కూర్చునేవారు. ఆవిడ ఏమీ ఎరగనట్టు దారం కొరికేది. పగలంతా గుండీలూ కాజాలూ చూసే మనిషికి, మొగుడి చొక్కా కుడిచేతి గుండీ, ఎడమచేత్తో పెట్టుకోవాల్సింది, ఎందుకు ఊడి ఉంటోందో తెలియకుండా ఉంటుందా?

"ఎవరండీ ఆ మేస్త్రీ? ఒకసారి నా దగ్గరికి రమ్మనండి, నేను మాట్లాడతాను" అంది ఒక సాయంత్రం. 

మాస్టారు ఏదో ఒకటి తేల్చేస్తానన్న రోజుకి ముందురోజు, కెమెరా అమ్మాయి శిలగారిని మెట్ల దగ్గర ఆపింది.

"బాబాయ్, ఒక దారుంది. పెట్టె ఎంత చిన్న కదలికకి లేవాలో చెప్పే గీత ఒకటి ఉంటుంది. దాన్ని కొంచెం ఇటు జరిపితే చాలు. మీ చెయ్యి దానికి ఆనదు. ఇప్పటిదాకా వచ్చిన బొమ్మలు నేను తీసేస్తా. మాస్టారికి చెప్పను."

శిలగారి ప్రాణం లేచొచ్చింది. "మరి అరల్లో బొమ్మలో?" అని అడిగారు, ఊరికే.

"పెద్దగా ఎవరైనా కదిలిస్తే తెలుస్తుంది. మెల్లిగా ముట్టుకుంటే తెలీదు."

ఆయన రెయిలింగు పట్టుకున్నారు. మాస్టారు ఆ విరిగిన ముక్కుని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టుకున్న సంగతి ఆయనకి తెలుసు. ఇంకో ముక్కు విరిగితే ఆ మనిషి తట్టుకోలేడు.

"అంటే నన్ను దాచాలంటే, ముక్కు విరగ్గొట్టేవాణ్ణీ దాచాలన్నమాట. వద్దులే తల్లీ. ఆ గీత జరపకు" అన్నారు. అనేసి, ఎందుకన్నానురా భగవంతుడా అని దారంతా తిట్టుకున్నారు.

మర్నాడు క్లాసు అయ్యాక మాస్టారి గదిలో ముగ్గురూ చేరారు. రెండు పెట్టెలూ బల్ల మీద పక్కపక్కనే గుయ్యిమంటున్నాయి. మాస్టారు కొత్తదాని తెర తెరిచి, వరస మీద వేలు పెట్టారు. బొమ్మల గుంపు కిందికి జారుతూ పోయింది.

"ఇన్నిసార్లు లేచిందేంటమ్మా? ఎవరు ముట్టుకుంటున్నారు నా బొమ్మల్ని?"

కెమెరా అమ్మాయి నేల చూసింది.  శిలగారు తువ్వాలు కింద నుంచి ఎడమ చెయ్యి తీసి బల్ల మీద పెట్టారు. అది అక్కడ కూడా ఆడుతూనే ఉంది.

"ఎవరూ ముట్టుకోలేదండీ. ఇదీ సంగతి. దీని కోసమే మీకు పాత పెట్టె అంటగట్టాలని చూశాను. తప్పే. రేపటి నుంచి ఇంకెవరినైనా చూసుకోండి. కదలకుండా ఉండడం నాకిక చేతకాదు."

 మాస్టారు ఆ చేతిని చూశారు, ఆయన్ని చూశారు, మళ్ళీ ఆ చేతిని చూశారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం ఉంది గానీ, శిలగారు భయపడిన ఆశ్చర్యం కాదు.

"ఇది మీకు ఇప్పుడు తెలిసిందా?" అన్నారు.

"అంటే... మీకు ముందే తెలుసాండీ?"

"అయ్యో, అవును కదూ. మీరు చూడరు కదూ." మాస్టారు కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. "రండి."

బొమ్మలు దాచే గది ముందు శిలగారి కాళ్ళు ఆగిపోయాయి. ముసలమ్మ మాట అడ్డం పడింది. మాస్టారు వెనక్కి చూడలేదు, లోపల కిటికీ తెరిచారు. ఎలాగూ పోయే కుర్చీయే కదా అనుకుని శిలగారు గడప దాటారు.

గోడల నిండా ఆయనే. తాళ్ళకి క్లిప్పులు పెట్టి ఆరేసిన కాగితాల్లో, బీరువాకి ఆనించిన అట్టల్లో, ఆయనే. ముందు తన ముఖం చూసి, ఇంత ముసలివాణ్ణి ఎప్పుడయ్యాను అనుకున్నారు. తరవాత చూపు మోకాలి మీదకి దిగింది. అక్కడ ఎడమ చేతి వేళ్ళకి ఒక గీత లేదు. రెండు మూడు గీతలున్నాయి, ఒకదాని మీద ఒకటి, ఏది వేలో ఏది వేలి నీడో తెలియకుండా. పక్క కాగితంలోనూ అంతే. ఒక అమ్మాయి మనిషిని వదిలేసి ఆ చెయ్యి ఒక్కటే కాగితమంతా గీసింది. కొన్ని కాగితాల అంచులు పసుపెక్కి ఉన్నాయి. కొత్త పెట్టె ఈ హాల్లోకి రాక చాలాముందు నుంచే విద్యార్థులు ఆ చేతిని చూస్తున్నారు.

"ఎప్పటి నుంచండీ?" అన్నారు శిలగారు.

"చాలాకాలమైంది. మీరు ఎటో వెళ్ళిపోయినట్టు ఉంటారు చూడండి, అప్పుడు మొదలవుతుంది. మొదట్లో కంటికి ఆనీ ఆననట్టు ఉండేది, ఈమధ్యే కాస్త పెరిగింది. కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట చెప్పేది అదే. ముఖం తరవాత చూడండి, ముందు ఆ చెయ్యి పట్టుకోండి అని."

"కదలకుండా ఉండమని కదండీ నన్ను పెట్టుకున్నారు?"

మాస్టారు నవ్వలేదు. తలుపులోంచి హాల్లో అరల వైపు చూపించారు. "కదలనివి నాకు అరల నిండా ఉన్నాయి శిలగారూ. వాటితో సరిపోతే మీరెందుకు?"

 శిలగారు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ ఒక్కొక్క కాగితం దగ్గరికీ వెళ్ళి చూశారు. వెనక నుంచి కెమెరా అమ్మాయి ముక్కు ఎగబీల్చి, "నాకు దుమ్ము పడదు" అంది.

కొత్త పెట్టే ఉండిపోయింది. గీత జరపనా అని ఆ అమ్మాయి ఆఖరిసారి అడిగితే, "వద్దు. లేవనీ, పాపం ఎంతసేపని పడుకుంటుంది" అన్నారు శిలగారు. ఆ అమ్మాయి పాత పెట్టెని చంకన పెట్టుకుని, నిచ్చెన భుజాన వేసుకుని మెట్లు దిగింది. కదలిక లేని గంటలన్నీ, ఆయన ఉన్నట్టే కనిపించే మసక మధ్యాహ్నాలన్నీ, అందులోనే వెళ్ళిపోయాయి. 

మర్నాడు పాదాలు గీతల్లో పెట్టి కూర్చున్నారు. చేతికి కాపలా కాయలేదు. ముసలమ్మ చెప్పినట్టు తన బొమ్మ వచ్చి కూర్చుంటుందేమోనని కాస్త బెదురుగానే ఉంది. కానీ ఎవరూ రాలేదు. పెన్సిళ్ళు గీసుకున్నాయి, దూరాన వాన మొదలైంది, బుడగ పెద్దదై సందు తెరుచుకుంది. తడి సిమెంటు వాసన అలాగే ఉంది. ఆయన మెట్లెక్కి మేడ మీదకి వెళ్ళి, ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చిన గోడ ముందు నిలబడ్డారు.

సాయంత్రం ఇంటికి వచ్చి, టీ గ్లాసు ఎడమచేత్తో అందుకున్నారు. టీ కొంచెం తొణికి నేల మీద పడింది. ఆవిడ సూది పక్కన పెట్టింది.

"మేస్త్రీ వచ్చాడా?"

"వచ్చాడు."

ఆయన ఇన్నాళ్ళూ చూడని బొమ్మల సంగతీ, మాస్టారి మాటా అన్నీ చెప్పారు. ఆవిడ వింటూ వింటూ గ్లాసు తీసి పక్కన పెట్టి, ఆ చేతిని తన అరచేతిలోకి తీసుకుంది. వేళ్ళు మెల్లిగా తడుతున్నాయి. ఆయన అలవాటు కొద్దీ బిగపట్టబోయారు.

"ఊరుకోండి, పని చేసుకోనివ్వండి" అంది ఆవిడ. "నా కిటికీ పెడుతున్నట్టున్నాడు."